జేబులో పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్‌తో ఫోన్లో రికార్డింగ్: తప్పెటగుళ్ల నుంచి బొబ్బిలి వీణ దాకా

ఫోన్లో ఉన్న మైకు మాటల కోసం చేసింది. అవతలివాళ్లకి గొంతు స్పష్టంగా వినబడాలని చిన్న శబ్దాన్ని పెంచడం, పెద్ద శబ్దాన్ని అణచడం, వెనక మోతని తుడిచెయ్యడం లాంటి పనులు లోపల ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. తప్పెటగుళ్ల ఆటని నేరుగా ఫోన్లో రికార్డ్ చేస్తే దెబ్బ పడ్డప్పుడల్లా పాట మునిగి, దెబ్బ ఆగగానే మళ్లీ తేలేది అందుకే. తంబూరా శ్రుతిని ఫ్యాను మోతగా లెక్కేసి తగ్గించేసే ఫోన్లు కూడా ఉన్నాయి. జేబులో పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (బయటి మైకు శబ్దాన్ని ఫోన్‌కి అందించే చిన్న పెట్టె) ఒకటి, మంచి మైకు ఒకటి ఉంటే ఈ గొడవంతా పక్కకి పోయి, అక్కడ మోగింది మోగినట్టు ఫైల్లోకి వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ లోటు లేదు. వాళ్లని బస్సెక్కించి విశాఖ స్టూడియోకి తీసుకెళ్లనక్కర్లేదు, వాళ్ల అరుగు మీదే చాలావరకు పని అయిపోతుంది.

ఏ రకం కొనాలి

చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలు దొరుకుతాయి. మొదటిది ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టేది. దాని పిన్ను మీద మూడు నల్లటి గీతలుంటాయి, టీఆర్‌ఆర్‌ఎస్ అంటారు. ఐకే మల్టీమీడియా వాళ్ల ఐరిగ్ ప్రీ 2 ఈ కోవలోదే. ఇది మైకు సిగ్నల్‌ని పెంచి ఫోన్‌కి అలాగే అందిస్తుంది, అంకెలుగా మార్చే పని ఫోన్‌దే. హెడ్‌సెట్‌తో మాట్లాడుకోడానికి పెట్టిన ఒక్క ఛానెల్ చౌక కన్వర్టర్ మీదుగా రావాలి కాబట్టి, ఎంత మంచి మైకు తగిలించినా వెనక సన్నగా సర్రుమనే మోత ఉంటుంది.

రెండోది యూఎస్‌బీ టైప్-సి ద్వారా తగిలేది. అంకెలుగా మార్చే కన్వర్టర్ దాని లోపలే ఉంటుంది, ఫోన్ చేసేదల్లా వచ్చిన అంకెల్ని రాసుకోవడమే. కొత్తగా కొనేవాళ్లు ఇదే కొనండి. జూమ్ ఏఎంఎస్-22 లాంటివి అరచేతిలో ఇమిడిపోతాయి. షూర్ ఎమ్‌వీఎక్స్2యూ అయితే మైకు తోక దగ్గరే దిగిపోతుంది. కాకపోతే దీనికి తిప్పే నాబ్ ఉండదు, సెట్టింగులు యాప్‌లో ముందే చేసుకోవాలి. పొలం గట్టు మీద నిలబడి పని చేసేవాళ్లకి గెయిన్‌ని, అంటే మైకు సిగ్నల్ ఎంత పెరగాలన్నదాన్ని, చేత్తో తిప్పే నాబ్ ఉన్నదే సుఖం.

పెట్టె మీద చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు ఇన్‌పుట్ ఉండాలి. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్లోంచే మైకుకి అందే కరెంటు) ఉండాలి, అది లేకపోతే కండెన్సర్ మైకు పలకదు. హెడ్‌ఫోన్ రంధ్రం, దాంతో పాటు మైకు శబ్దాన్ని ఫోన్ మీదుగా తిప్పకుండా నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉండాలి. ‘క్లాస్ కంప్లయంట్’ అని రాసి ఉంటే డ్రైవర్ అవసరం లేకుండా ఫోన్ దాన్ని గుర్తుపడుతుంది. కరెంటు కోసం విడిగా ఇంకో రంధ్రం ఉంటే ఇంకా మేలు, ఎందుకో ముందు ముందు చెప్తాం.

ఇంటర్‌ఫేస్ కన్నా మైకు ముఖ్యం, మైకు కన్నా అది పెట్టే చోటు ముఖ్యం. డబ్బు తక్కువైతే ఈ వరసలోనే ఆలోచించండి. సభల్లో వాడే షూర్ ఎస్‌ఎమ్58 లాంటి డైనమిక్ మైకు గట్టిగా పాడేవాళ్లకి, డప్పులకి, గాలికి ఎదురుపడే చోట్లకి బాగుంటుంది. సన్నటి గొంతుతో పాడే పెద్దవాళ్లకి అదే మైకు పెడితే గెయిన్ 55, 60 డీబీ (డెసిబెల్) దాకా తిప్పాలి. చిన్న ఇంటర్‌ఫేసుల్లో గెయిన్ చివరి పావు వంతుకి వచ్చేసరికి సర్రుమనే మోత (హిస్) మొదలవుతుంది. అలాంటి పాటలకీ వీణకీ వయొలిన్‌కీ చిన్న కండెన్సర్ మైకు తీసుకోండి.

ఫోన్ సిద్ధం చెయ్యడం

ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నింటికి సెట్టింగ్స్‌లో ఓటీజీ (ఫోన్‌కి యూఎస్‌బీ పరికరాలు తగిలించే వీలు) ఆన్ చేస్తే గానీ ఇంటర్‌ఫేస్ కనబడదు. ఆ ఫోన్లలోనే కాసేపు వాడకపోతే ఓటీజీ దానంతటదే ఆగిపోయేవి ఉన్నాయి. అందుకని అన్నీ తగిలించి, కళాకారులు టీ తాగొచ్చేదాకా ఆగితే, రికార్డ్ నొక్కేముందు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఐఫోన్ 15 నుంచి టైప్-సి ఉంది, నేరుగా తగులుతుంది. అంతకు ముందువాటికి లైట్నింగ్ టు యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్ కావాలి. దాని పక్కన ఛార్జింగ్ రంధ్రం కూడా ఉంటుంది.

కేబుల్ దగ్గర చాలామంది దెబ్బ తింటారు. చౌక పవర్ బ్యాంకులతో వచ్చే టైప్-సి కేబుళ్లలో కొన్నింటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. ఇంటర్‌ఫేస్ మీద లైటు వెలుగుతుంది, ఫోన్ మాత్రం గుర్తుపట్టదు. ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి. పాట మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగిపోవడం ఒక్కటే కాదు. టవర్ సరిగా అందని ఊళ్లలో ఫోన్ తన రేడియో బలాన్ని పెంచుకుంటుంది, ఆ ‘టిటిటిక్ టిటిటిక్’ మోత మైకు తీగలోకి చొరబడుతుంది. పార్వతీపురం ఏజెన్సీ వైపు, కొండల మధ్య ఇది మరీ ఎక్కువ. బ్లూటూత్ కూడా ఆపేయండి. దగ్గర్లో మీ ఇయర్‌బడ్స్ ఆన్ అయితే ఫోన్ మైకుని అటు మళ్లించేసే ప్రమాదం ఉంది.

ఖాళీ జాగా లెక్క ఇలా ఉంటుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ఛానెల్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ తీసుకుంటుంది, గంటకి 520 ఎంబీ. రెండు ఛానెళ్లయితే గంటకి ఒక జీబీ పైమాట. రాత్రంతా సాగే జముకుల కథకి వెళ్తుంటే 10 జీబీ ఖాళీ ఉంచుకోండి. వీడియో కూడా అదే ఫోన్లో తీస్తే ఈ లెక్క చాలదు, ఆ పనికి వేరే ఫోన్ పెట్టడం మేలు.

యాప్

ఆండ్రాయిడ్‌లో ఆడియో ఎవల్యూషన్ మొబైల్ మంచి ఎంపిక. దానికి సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉంది కాబట్టి ఫోన్ తన ప్రాసెసింగ్‌ని మధ్యలో దూర్చలేదు. ఉచితంగా కావాలంటే బ్యాండ్‌ల్యాబ్ ఉంది. వీడియోతో పాటు బయటి మైకు కావాలంటే ఓపెన్ కెమెరాలో ఆడియో సోర్స్‌ని ఎక్స్‌టర్నల్ మైక్‌కి మార్చాలి. ఐఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్ చాలు. అయితే అందులో మూడు పనులు చెయ్యాలి: సెట్టింగ్స్‌లో 24 బిట్ ఆన్ చెయ్యడం, మెట్రోనోమ్ ఆపడం, సెక్షన్ పొడవుని ఆటోమేటిక్ చెయ్యడం. మూడోది మరిచిపోతే 8 బార్లకే సెక్షన్ ముగిసి, పాట సగంలో తెగిపోతుంది.

యాప్ ఏదైనా, అది నిజంగా బయటి మైకునే వింటోందా అని తేల్చుకోండి. రికార్డ్ నొక్కి ఫోన్ అడుగున గోటితో గీకండి, తర్వాత బయటి మైకు జాలీ మీద మెల్లగా గీకండి. తిరిగి వింటే ఏది గట్టిగా ఉందో తెలిసిపోతుంది. స్క్రీన్ మీద యూఎస్‌బీ గుర్తు కనబడింది కదా అని ఈ పరీక్ష మానకండి.

తగిలించే వరస

మైకుని స్టాండుకి బిగించి, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో ఇంటర్‌ఫేస్‌కి తగిలించండి. ఈ సమయంలో ఫాంటమ్ ఆఫ్‌లో, గెయిన్ సున్నా దగ్గర, హెడ్‌ఫోన్ వాల్యూమ్ కిందకి ఉండాలి. తర్వాత ఇంటర్‌ఫేస్‌ని ఫోన్‌కి కలిపి, ఆ తర్వాతే యాప్ తెరవండి. యాప్ ముందే తెరిచి ఉంటే చాలాసార్లు ఫోన్ మైకుకే అతుక్కుని ఉండిపోతుంది. కండెన్సర్ మైకైతే ఇప్పుడు ఫాంటమ్ వేసి, పది సెకన్లు ఆగి, అప్పుడు గెయిన్ పెంచండి. విప్పేటప్పుడు ఇదే తిరగబడిన వరస: గెయిన్ కిందకి, ఫాంటమ్ ఆఫ్, పది సెకన్లు ఆగడం, కేబుల్ తీయడం. ఫాంటమ్ ఉండగా కేబుల్ లాగితే వచ్చే ‘డబ్’ దెబ్బ హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ల చెవికి తగులుతుంది.

హెడ్‌ఫోన్ తీగదే అయి ఉండాలి, చెవిని మూసేదై ఉండాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, దాంతో పాడేవాళ్లు తడబడతారు. డైరెక్ట్ మానిటర్ ఆన్ చేస్తే యాప్‌లోని మానిటర్ ఆపేయండి. రెండూ ఉంటే గొంతు రెండుసార్లు, కొంచెం ఎడంతో వినబడి, డబ్బాలోంచి పాడినట్టుంటుంది. అది వినికిడిలోనే, ఫైల్లో ఉండదు. చాలామంది ఇది తెలియక మైకు చోటు మారుస్తూ గంటలు గడుపుతారు.

కరెంటు సంగతి

ఇంటర్‌ఫేస్, ఫాంటమ్ రెండూ ఫోన్ బ్యాటరీనే తింటాయి. నిండుగా ఛార్జ్ చేసిన ఫోన్ కూడా సాయంత్రం మొదలైన కథని తెల్లారేదాకా మోయలేదు. గోడ ఛార్జర్ పెడితే 50 హెర్ట్జ్ హమ్ వచ్చే అవకాశం ఎక్కువ. మన ఇళ్లలో చాలా ప్లగ్గులకి ఎర్త్ సరిగా ఉండదు. ఛార్జర్ నుంచి ఫోన్‌కి, ఫోన్ నుంచి ఇంటర్‌ఫేస్‌కి, అక్కణ్నుంచి మైకు కేబుల్ తొడుగుకి ఆ గుయ్‌మనే మోత పాకుతుంది. పవర్ బ్యాంకు వాడండి. ఇంటర్‌ఫేస్‌కి విడిగా పవర్ రంధ్రం ఉంటే పవర్ బ్యాంకుని అక్కడ తగిలించండి, ఫోన్ మీద భారం పూర్తిగా దిగిపోతుంది. అది లేకపోతే ఛార్జింగ్‌నీ డేటానీ రెండింటినీ పంపే టైప్-సి హబ్ కావాలి.

ఇన్వర్టర్ మీద నడిచే ఇంట్లో రికార్డ్ చేస్తుంటే జాగ్రత్త. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే గదంతా కొత్త మోత మొదలవుతుంది, ఫ్యాను, ట్యూబ్‌లైటు గొంతు మారుతాయి. పాట మొదలెట్టేముందు అవన్నీ ఆపించండి. పక్కగదిలో ఫ్రిజ్ ఉంటే ప్లగ్గు తీసి, మీ బండి తాళం ఫ్రిజ్ మీద పెట్టండి, మళ్లీ ప్లగ్గు పెట్టడం మరిచిపోయి వెళ్లలేరు.

గెయిన్: ఎక్కువ పాడయ్యేది ఇక్కడే

అన్ని తప్పుల్లోకీ సరిదిద్దలేనిది క్లిప్ అవడం. మీటర్ సున్నా డీబీ తాకాక ఆ పైన ఉన్న శబ్దం తెగిపోతుంది, ఆ తెగిన ముక్కని ఏ యాప్ కూడా నిజంగా తిరిగి తేలేదు. తక్కువ గెయిన్‌తో తీసుకున్న పాటని మాత్రం ఇంటికెళ్లాక పెంచుకోవచ్చు. 24 బిట్‌లో పని చేసేది అందుకే. గెయిన్ కాస్త తగ్గినా, గదిలోనూ మైకులోనూ సహజంగా ఉండే మోత కన్నా ఫైల్ సొంత మోత చాలా కిందన ఉంటుంది.

అందుకని పాటలో అన్నిటికన్నా గట్టి చోటు మీటర్‌లో మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా పెట్టండి. మామూలు చోట్లు మైనస్ 20, మైనస్ 18 మధ్య ఆడితే సరిపోతుంది. చూడ్డానికి ఆకుపచ్చ గీత పొట్టిగా ఉంటుంది, దాన్ని పెంచాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి.

‘ఓసారి పాడండి’ అంటే ఎవరూ నిండు గొంతుతో పాడరు. ముందు మొహమాటంగా పాడి, జనం చేరాక, తాళం అందుకున్నాక గొంతు విప్పుతారు. పరీక్షప్పటికీ అసలు ఆటకీ 6 నుంచి 10 డీబీ తేడా రావడం మామూలే. అందుకని పల్లవి అడగొద్దు. తప్పెటగుళ్ల వాళ్లనైతే ఉధృతంగా వాయించే ముక్తాయింపు అడగండి, కథ చెప్పేవాళ్లనైతే యుద్ధం ఘట్టం అడగండి. అది మైనస్ 14 దగ్గర ఉండేలా పెట్టి, నాబ్ ముట్టుకోకుండా వదిలెయ్యండి.

చిడతలు, గజ్జెలు, తాళాలు మీటర్‌ని మోసం చేస్తాయి. వాటి దెబ్బ చాలా పొట్టిది. సగటుని చూపించే మీటర్‌లో మైనస్ 20 కనబడుతుంటే నిజమైన శిఖరం సున్నాకి దగ్గర్లో ఉండొచ్చు. ఒక నిమిషం రికార్డ్ చేసి, యాప్‌లో తరంగాన్ని పెద్దది చేసి చూడండి. కొనలు బల్లపరుపుగా కోసినట్టుంటే గెయిన్ ఇంకో 6 డీబీ తగ్గించాలి. హరికథ రికార్డింగులు ఎక్కువగా చెడేది దాసుగారి గొంతు దగ్గర కాదు, చిడతల దగ్గరే.

గెయిన్ సున్నాలో ఉన్నా ఎర్ర లైటు వెలుగుతుంటే నాబ్‌తో పని లేదు. మైకుని దూరం జరపండి. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే శబ్దం 6 డీబీ తగ్గుతుంది.

మైకు ఎక్కడ పెట్టాలి

ఒక్క గొంతుకి: నోటికి జానెడు దూరం, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు, ముక్కు ఎత్తులో పెట్టి కిందకి వంచండి. నోటికి సూటిగా ఉంటే ‘ప’, ‘బ’, ‘భ’ అక్షరాల దగ్గర ఊపిరి మైకుని గుద్దుతుంది. మైకు అలవాటు లేని పెద్దవాళ్లకి ఎదురుగా స్టాండు పెడితే బిగుసుకుపోతారు. అలాంటప్పుడు 40 సెంటీమీటర్ల దూరంలో, చూపుకి అడ్డం రాకుండా పక్కకి పెట్టండి. గది కొంచెం ఎక్కువ వినబడుతుంది, పాట మాత్రం పాటలా ఉంటుంది. ఈ బేరం ఎప్పుడూ లాభమే.

తప్పెటగుళ్లు: గుండె మీద కట్టుకున్న తప్పెట్లు వాయిస్తూ, గజ్జెల కాళ్లతో గుండ్రంగా తిరుగుతూ పాడతారు. మైకుని ఛాతీ ఎత్తులో పెడితే, తిరుగుతూ దగ్గరికి వచ్చినవాళ్ల తప్పెట ఒక్కటే చెవులదరగొట్టి వెళ్లిపోతుంది. స్టాండుని రెండు, రెండున్నర మీటర్ల ఎత్తు లేపి, వలయం అంచుకి మూడు మీటర్ల దూరంలో నిలిపి, మైకుని వలయం నడిబొడ్డుకి వంచండి. అప్పుడు దగ్గరివాళ్లకీ అవతలివాళ్లకీ దూరంలో తేడా తగ్గుతుంది. గజ్జెలు మరీ ఎక్కువైతే ఇంకాస్త లేపండి, పాట తక్కువైతే కిందకి దించండి. ఇంటర్‌ఫేస్‌లో రెండు ఇన్‌పుట్లుంటే రెండో మైకు ముందు పాట అందించే గురువుగారి దగ్గర పెట్టాలి. రెండు మైకుల మధ్య దూరం, ఒక్కో మైకుకీ దాని ముందున్న మనిషికీ ఉన్న దూరానికి మూడు రెట్లు ఉండేలా చూసుకోండి. లేకపోతే ఒకే గొంతు రెండింట్లోనూ కొద్ది ఎడంతో పడి, కలిపి విన్నప్పుడు పలచబడుతుంది.

జముకుల కథ: తోలు మూతకి తీగ కట్టిన వాద్యం జముకు. దాని తీగ లాగినప్పుడు శ్రుతి పైకీ కిందకీ జారుతుంది, ఆ జారుడులోనే దాని అందం. తోలుకి సూటిగా కాకుండా అరమీటరు దూరంలో ఏటవాలుగా మైకు పెట్టండి. మైకు మీద లో కట్ స్విచ్ (కింది స్థాయి శబ్దాన్ని కోసేసేది) ఉంటే ఇక్కడ వెయ్యొద్దు, జముకు గుమ్మనే భాగం అంతా పోతుంది. కథకుడు ఒకరు, వంతపాట ఇద్దరు, ఒకే మైకు ఉంటే మైకుని కదపకుండా మనుషుల్ని కదపండి. కథకుణ్ని 50 సెంటీమీటర్ల దగ్గరికి, వంతలని మీటరు దూరానికి, గట్టి వాద్యాన్ని ఇంకా వెనక్కి నిలబెట్టి, అర నిమిషం రికార్డ్ చేసి విని, మళ్లీ సర్దండి. యాప్‌లో కలిపేకన్నా నేల మీద కలిపితేనే సహజంగా వస్తుంది.

బొబ్బిలి వీణ: గొల్లపల్లి వాళ్లు ఒకే పనస దుంగని తొలిచి చేసే వీణ ఇది. కుండ, దండి ఒకే కర్ర కాబట్టి నాదం వాద్యం మొత్తం నుంచి వస్తుంది, ఏ ఒక్క చోటికో మైకు అంటిస్తే సగమే దొరుకుతుంది. కుండ పై పలకకి 35, 40 సెంటీమీటర్ల ఎత్తున, గుర్రం (తీగలు ఆనే చిన్న వంతెన) దాటి కొంచెం మెట్ల వైపుకి మైకు పెట్టి కుండ మీదకి వంచండి. గుర్రానికి మరీ దగ్గరైతే గోటి మీటు టక్కుమంటుంది, ఎడమ చేతికి దగ్గరైతే మెట్ల మీద వేళ్లు జారే గరగర పెరుగుతుంది. వీణ మెల్లగా మోగే వాద్యం కాబట్టి గది నిశ్శబ్దం అన్నిటికన్నా ఇక్కడ ముఖ్యం. వాయించేవాళ్ల గాజులు, ఉంగరాలు తీయమని ముందే మర్యాదగా అడగండి.

వయొలిన్: 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు నేర్పిన వాద్యం, ఈ ఊళ్లో రికార్డ్ చేసే అవకాశం మీకు తప్పకుండా వస్తుంది. మన పద్ధతిలో కింద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి వాయిస్తారు, కాబట్టి స్టాండు పొట్టిగా చాలు. 50, 60 సెంటీమీటర్ల దూరంలో ముందు వైపు, కొంచెం పై నుంచి పెట్టండి. కమాను గుర్రపు వెంట్రుకలకి సూటిగా పెడితే రాళం (కమానుకి రాసే గుగ్గిలం) గరుకు వినబడుతుంది.

చోటు, గాలి, వేళ

సిమెంటు స్లాబు ఇల్లు రికార్డింగుకి శత్రువు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. ‘టర్ర్’ మని తిరిగొస్తే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా ఆడుతోందన్నమాట. పాడేవాళ్ల వెనక బొంతలు, పరుపు నిలబెట్టండి, మైకు వెనక గోడకి దుప్పటి వేలాడదీయండి. పల్లెల్లో ధాన్యం బస్తాలు పేర్చిన గది ఉంటే ఇక వెతకొద్దు. గరుకు సంచులు, లోపల గింజలు శబ్దాన్ని పీల్చేస్తాయి. పెంకుటింటి వసారా కూడా మంచిదే, వాన మాత్రం రాకూడదు.

కళింగపట్నం, బారువ వైపు తీరం ఊళ్లలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. మైకుతో వచ్చే నల్ల స్పాంజి దీనికి చాలదు, బొచ్చు తొడుగు కావాలి. అది లేకపోతే తెల్లవారుజామున పని పెట్టుకోండి. ఉద్దానం కొబ్బరితోటల్లో మట్టలు కొట్టుకునే చప్పుడు, జీడితోటల్లో ఎండుటాకుల గలగల మైకులోకి గొంతంత స్పష్టంగా వస్తాయి. మైకు కింద రెండు మీటర్ల మేర ఆకులు ఊడ్పించండి. పలాస, ఆమదాలవలస, విజయనగరం చుట్టుపక్కల హౌరా-చెన్నై రైలు మార్గానికి దగ్గరున్న ఇళ్లలో రైలు వెళ్లేదాకా ఆగడం తప్ప మార్గం లేదు. చెవికి దూరమైపోయాక కూడా కింది మోత మైకులో కొంతసేపు ఉంటుంది, హెడ్‌ఫోన్‌లో పూర్తిగా ఆగాకే మొదలుపెట్టండి.

పాట మొదలెట్టేముందు ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు ఖాళీ గదిని రికార్డ్ చెయ్యండి. తర్వాత మధ్యలో దగ్గు కోసేస్తే ఆ ఖాళీని పూడ్చడానికి, మోత తగ్గించే యాప్‌కి నమూనా ఇవ్వడానికి అదే పనికొస్తుంది.

జాతర్లో, సభలో మిక్సర్ నుంచి తీసుకోవాలంటే

పైడితల్లి సిరిమానోత్సవం లాంటి చోట సౌండ్ వాళ్ల మిక్సర్ నుంచి లైన్ అడిగి తీసుకోవచ్చు. మొదటి పని ఫాంటమ్ ఆఫ్ చెయ్యడం. వాళ్ల మిక్సర్ అవుట్‌లోకి 48 వోల్టులు పంపడం మంచిది కాదు. రెండోది, మిక్సర్ ఇచ్చేది లైన్ లెవెల్, మైకు కన్నా ఎన్నో రెట్లు బలమైనది. ఎక్స్‌ఎల్‌ఆర్ ద్వారా మైకు ప్రీయాంప్‌లోకి (మైకు సిగ్నల్‌ని పెంచే భాగంలోకి) పెడితే గెయిన్ సున్నాలోనూ పగిలిపోతుంది. పావు అంగుళం టీఆర్‌ఎస్ పిన్నుతో లైన్ ఇన్‌పుట్‌లోకి పెట్టండి. ఇంటర్‌ఫేస్‌లో మైకు/లైన్ స్విచ్ ఉంటే లైన్‌కి మార్చండి. హమ్ వస్తే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఫోన్ పవర్ బ్యాంకు మీద ఉంటే చాలాసార్లు ఆ అవసరమే రాదు.

మిక్సర్ లైన్‌లో మైకులకి అందినవే ఉంటాయి. వేదిక మీద తనంత తాను మోగే డప్పుకి మైకు పెట్టరు కాబట్టి ఫైల్లో గొంతు గట్టిగా, డప్పు ఎక్కడో దూరంగా ఉంటుంది, జనం అసలుండరు. రెండు ఇన్‌పుట్లుంటే ఒకదాంట్లో మిక్సర్, ఇంకోదాంట్లో సొంత మైకు పెట్టి విడివిడి ట్రాకులుగా తీసుకోండి. మీ మైకు స్పీకర్లకి 10 మీటర్ల దూరంలో ఉంటే దాని శబ్దం సుమారు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఇంటికొచ్చాక ఆ ట్రాకుని అంత ముందుకి జరిపితే రెండూ అతుక్కుంటాయి. వీడియో వేరే ఫోన్లో తీస్తుంటే మొదట్లో, చివర్లో ఒక్కో చప్పట్టు కొట్టించండి. గంటకి పైగా సాగితే రెండు ఫోన్ల గడియారాలు కొద్దిగా ఎడమవుతాయి, చివరి చప్పట్టు లేకపోతే ఎంత ఎడమయ్యాయో తెలియదు.

ఏదో తేడా వస్తే

శబ్దం ఎడమ చెవిలోనే వస్తుంటే ట్రాకుని స్టీరియోగా పెట్టారు. దాన్ని మోనో, ఇన్‌పుట్ 1 చెయ్యండి. తిరిగి వింటే గొంతు సన్నబడి వేగంగా, లేదా బొంగురుగా నెమ్మదిగా ఉంటే ఇంటర్‌ఫేస్ 48 కిలోహెర్ట్జ్‌లో, యాప్ 44.1లో ఉన్నాయి. రెండూ 48కి మార్చండి. పటపటమని తెగుతుంటే యాప్‌లో బఫర్ (శబ్దాన్ని కాసేపు దాచి అందించే సెట్టింగు) పెంచండి. డైరెక్ట్ మానిటర్ ఉంది కాబట్టి బఫర్ 512 పెట్టినా పాడేవాళ్లకి ఆలస్యం తెలియదు. ఫాంటమ్ వెయ్యగానే ఇంటర్‌ఫేస్ ఆగిపోయి మళ్లీ వెలుగుతుంటే ఫోన్ అంత కరెంటు ఇవ్వలేకపోతోంది, పవర్ బ్యాంకు తగిలించండి. వానాకాలం, తీరం ఊళ్లలో కండెన్సర్ మైకు ఉండుండి చిటపటమంటే తేమ పట్టింది. ఎండలో పెట్టకండి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. ఇంటర్‌ఫేస్ కూడా ఆ డబ్బాలోనే ఉంటే ఉప్పుగాలికి రంధ్రాలు తుప్పు పట్టవు.

ముగించాక

ప్రతి ఫైల్ మొదట్లో మీ గొంతుతో పాడేవారి పేరు, ఊరు, తేదీ, పాట మొదటి మాట చెప్పి రికార్డ్ చెయ్యండి. ఫైల్ పేర్లు పోయినా ఇది పోదు. పాడేవారిని అడిగి, ఎక్కడ పెట్టబోతున్నారో చెప్పి, వాళ్ల ఒప్పుదల కూడా అక్కడే మాటల్లో తీసుకోండి. ఊరు దాటకముందే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ కాపీని తెరిచి విని చూడండి. వావ్ (WAV) ఫైల్‌ని వాట్సాప్‌లో వాయిస్ లాగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. పాడినవాళ్ల ఇంట్లో మామూలు ఫోనే ఉంటే ఎంపీ3 చేసి మెమరీ కార్డులో ఎక్కించి ఇవ్వండి, అదీ ఆ రోజే.